తిప్పమ్మ సమ్మతి

అనంతపురం మెట్టపొలాల్లో ఒక మనిషి ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే చూసినవాళ్లకు మూడే అనుమానాలు వస్తాయి. ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. కాకపోతే తాగినాడనుకుంటారు. ఆ రెండూ కాదని తేలితే ఇంకేముంది, భూమిలో నీళ్లు చూస్తున్నాడనుకుంటారు. నాలుగో కారణం ఒకటి ఉండవచ్చునని ఎవరికీ తట్టదు. తట్టకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప పైకి రాని నేల మీద బతికేవాడికి దేవుడు గుర్తొచ్చినా నీళ్ల కోసమే గుర్తొస్తాడు.

శ్రీరంగప్పకు ఎండదెబ్బ తగల్లేదు. తాగుడు జోలికి ఆయన ఏనాడూ పోలేదు. గార్లదిన్నెకు పడమర ఆయనకున్న ఆరెకరాల్లో వేరుశనగ వేసి, సాయంత్రం దాకా సాళ్ల మధ్య గుంటక తోలి, ఎద్దులను విప్పి, చేను చివరి బండ మీద అరగంట సేపు కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

నిరుడు కలుపు తీస్తుండగా ఒక మధ్యాహ్నం జరిగిందది. చేతిలో కొడవలి ఉంది, ముందర గడ్డి ఉంది, తీసేవాడు మాత్రం లేడు. ఎంతసేపు లేడో తెలియదు. మళ్లీ వచ్చేసరికి సాలు చివర గొంతుకూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే సాలంతా ఇల్లు ఊడ్చినట్లుంది. ఒక్క వేరుశనగ మొక్క తెగలేదు. ఇదంతా ఎవరు తీసినారబ్బా అని ఆయన చుట్టూ చూశాడు. కూలీ అడగడానికి కూడా ఎవరూ లేరు.

ఆ లేకపోవడం మళ్లీ వస్తుందేమోనని బండ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పది రోజులకో పదిహేను రోజులకో వచ్చేది. పోయిన తరువాత గానీ వచ్చిందని తెలిసేది కాదు. అది మంచిదో, తలలో ఏదైనా నరం పక్కకు జరిగిందో ఆయనకు తేలలేదు. ఆసుపత్రికి పోదామంటే డాక్టరు నొప్పి ఎక్కడ అంటాడు. మనిషే లేనప్పుడు నొప్పి ఎక్కడని చెప్పాలి?

ఇంట్లో భార్యకు ఆ రోజే చెప్పాడు. "ఈ పొద్దు నేను లేకుండా పోతి తిప్పమ్మా," అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "గురువు లేని విద్య గుడ్డి విద్య," అని లోపలికి పోయింది. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

తిప్పమ్మకు గురువు ఉన్నాడు. ఊరికి ఉత్తరాన ఉన్న మఠంలో పదేళ్ల కిందట ఎర్రిస్వామయ్య దగ్గర ఆమె ఉపదేశం తీసుకుంది. రోజూ తెల్లవారకముందే లేచి, నెత్తిన కొంగు కప్పుకుని, మేకల కొట్టం గోడ వైపు తిరిగి కూర్చునేది. ఒకసారి శ్రీరంగప్ప, "ఏమనుకుంటావే అంతసేపు?" అని అడిగాడు. "గురువు లేనోళ్లకు చెప్పగూడదు. మొగుడైనా సరే," అంది. అది మఠం కట్టడి. ఉపదేశం పొందినవాళ్లు తమ సాధన సంగతి తమలో తాము మాట్లాడుకోవచ్చు, బయటివాళ్లతో నోరు విప్పకూడదు. కాబట్టి ఒక కప్పు కింద ఇద్దరూ పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు కళ్లు మూసుకునేవారు. తెరిచిన తరువాత ఎద్దుల గురించి, మేకల గురించి మాట్లాడుకునేవారు.

ఆ మంగళవారం తిప్పమ్మ చాటలో కొర్రలు చెరుగుతూ అసలు మాట తెచ్చింది.

"శుక్రవారం పున్నమి. గురుపున్నమి. సామి ముందునాడు బేస్తవారమే వస్తాడంట."

"రానీ."

"తెల్లారి కొత్తోళ్లకు ఉపదేశమిస్తాడంట. ఈసారన్నా తీసుకుంటావా, లేదా?"

"పండ్లు ఊడే వయసులో చెవిలో మంత్రమా? చెవి కూడా ఒకటే పనిజేస్తాంది."

"పనిజేసే దాంట్లోనే చెప్తాడులే."

శ్రీరంగప్ప నవ్వాడు. ఆమె నవ్వలేదు. చాట పక్కన పెట్టింది.

"ఇదో, నేను పోతే నన్ను మఠం చేన్లో కూచోబెడతారు. నీకు ఉపదేశం లేదు కాబట్టి వంక పక్కన పండబెడతారు. నలభై రెండేండ్లు ఒక గోడ కింద బతికి, ఆఖరికి నేనొక దిక్కు, నువ్వొక దిక్కు."

అదీ నిజమే. మఠం శిష్యులను కాల్చరు, పడుకోబెట్టరు. మఠం చేనులో గుంత తవ్వి, బాసిపీట వేయించి, విభూతి, ఉప్పు పోసి, కూర్చున్నట్లే పూడుస్తారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ శిష్యులైతే పక్కపక్కన కూర్చోబెడతారు. అక్కడ అట్లా జతలు జతలుగా చాలామంది ఉన్నారు. బతికినప్పుడు ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు బుద్ధిగా ఒకే దిక్కు చూస్తున్నారు.

"అదీ మంచిదేలేవే," అన్నాడు శ్రీరంగప్ప. "బతికినన్నాళ్లూ పండుకోనీకుండా తట్టి లేపితివి. అప్పుడన్నా కాళ్లు చాపుకొని పండుకుంటా."

తిప్పమ్మ మళ్లీ చాట అందుకుంది. ఆ పొద్దు కొర్రలు ఎగిరినంత ఎత్తుకు ఇంకెప్పుడూ ఎగరలేదు. సగం నేలపాలైనాయి. ఆమె ఏరుకోలేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు, ఇది ఆటకు అన్న మాట కాదని.

*

బుధవారం సాయంత్రం బండ మీద కళ్లు తెరిచేసరికి శ్రీరంగప్ప కాళ్ల ముందర ఒక టెంకాయ ఉంది. మట్టి పెళ్లలో గుచ్చిన ఊదుబత్తి పొగ ఆయన ముక్కులోకే వస్తోంది. ఎదురుగా పక్క తోట మారుతి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరన్నా సచ్చినారేమప్పా?" అన్నాడు శ్రీరంగప్ప, తన ఒళ్లు తడుముకుంటూ.

"మామా, నా దగ్గర దాపరికం వద్దు. యాడుండాయి?"

"ఏమి?"

"నీళ్లు."

మారుతికి మూడు వందల చీనీ, అంటే బత్తాయి చెట్లు ఉన్నాయి. తానూ భార్య పద్మజా ఎనిమిదేళ్లు బిడ్డల్లాగా పెంచారు. మే నెలలో బోరు ఎండిపోయింది. జూన్‌లో ఒక పదును వాన పడి, ఆ తరువాత ఆకాశం మరచిపోయింది. ఆకులు దోనెల్లాగా ముడుచుకున్నాయి. ఇప్పటికి ముగ్గురితో బోరు పాయింటు చూపించాడు. మొదటాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచేవాడు. నీళ్లున్న చోట అది లేచి నిలబడాలి. ఊరివాళ్లు చెప్పేదాని ప్రకారం ఆ టెంకాయ లేచి నిలబడడమే కాదు, ఆయన్ను చేయి పట్టుకుని లాక్కుంటూ తుంగభద్ర కాలువ దాకా తీసుకుపోయి నీళ్లలో పడేసిందట. నీళ్లున్నది అక్కడే కాబట్టి టెంకాయను తప్పుపట్టడానికి లేదు. రెండో ఆయన వేపపుల్ల తెచ్చాడు. మూడో ఆయన సెల్‌ఫోన్‌కు తీగ కట్టుకుని వచ్చాడు. ముగ్గురూ నాకు తెలుసు అన్నారు. మూడు చోట్లా దుమ్మే లేచింది.

"నాకు తెలీదు మారుతీ," అన్నాడు శ్రీరంగప్ప.

మారుతి కళ్లు మెరిశాయి. తెలుసన్నవాళ్లంతా ముంచారు. తెలీదన్నవాడు మొదటిసారి దొరికాడు.

"నువ్వట్లనే అంటావని పద్మజ చెప్పింది మామా. తెలిసినోడు ఊరికే బయటపడడంట."

"ఓరి నీ తెలివి పాడుగాను! తెలీదంటే తెలీదనే అర్థం గదరా."

"మరి యాడాదిగా ఏమి జూస్తాండావు ఈడ కూచోని?"

ఈ ప్రశ్నకు శ్రీరంగప్ప దగ్గర జవాబు ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. ఆయన ఎద్దులను కొట్టంలో కట్టాలని లేచాడు. ఎడమ కాలు మొద్దుబారి ఉంది. గట్టు దాటబోయి, కాలు మడతపడి, మారుతి తోటలోకి బోర్లా పడ్డాడు. కుడి అరచేయి మెత్తటి మట్టిలో అచ్చుపడింది.

మారుతి లేపలేదు. "చెయ్యి కదిలించొద్దు మామా!" అని కేకవేసి, జేబులోంచి సున్నం డబ్బీ తీసి, ఆయన అరచేయి చుట్టూ వేలితో గుండ్రంగా గీత గీశాడు.

"కాలు తిమ్మిరెక్కిందిరా!"

"ఎక్కుతాది మామా. కింద అంత శక్తి ఉంటే ఎక్కకుండా ఎట్లుంటాది."

శ్రీరంగప్ప మట్టి దులుపుకుని ఇంటికి పోయాడు. ఆయన కంటే ముందు వార్త పోయింది. ఊరు మొదట్లో చేయి మట్టిలో అచ్చుపడిందన్నారు. ఊరి నడుమ మణికట్టు దాకా దిగిందన్నారు. ఆయన ఇల్లు చేరేసరికి మోచేతి దాకా దిగబడి, బయటికి తీస్తే తడి ఉండిందట. పొద్దున్నే చౌడమ్మ జ్వరం వచ్చిన మనవడిని ఎత్తుకుని వచ్చి, "అదే చెయ్యి నెత్తిన పెట్టు సామీ," అంది. నిన్నటి దాకా ఆమె ఆయన్ను ఒరే శ్రీరంగా అనేది. ఆయన కంటే పదేళ్లు పెద్దది.

"బిడ్డను ఆసుపత్రికి తీసుకొని పో చౌడక్కా," అన్నాడాయన.

"సామి చెప్పినాడు గదా, తీసుకొని పోతా," అంది చౌడమ్మ. జ్వరం మందుతో తగ్గినా పేరు ఎవరికి వస్తుందో అప్పుడే తేలిపోయింది.

తిప్పమ్మ కొళాయి దగ్గర అంతా విని ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. "గురువు లేకుండానే సామివైతివే," అంది. "నీకు శిష్యులు గూడా పుట్టినారంట."

"నేను లేదంటే వాళ్లు వినరే! ఏం జేయాల?"

"నన్నడిగితే? సామివి గదా. కండ్లు మూసుకొని చూడు."

గురువారమంతా శ్రీరంగప్ప మారుతి ఇంటికి మూడుసార్లు తిరిగాడు. మూడుసార్లూ మారుతి మంచం వాల్చి, తాను నేల మీద కూర్చుని, నవ్వుతూ విన్నాడు. బోరు లారీ శుక్రవారం తెల్లారే వస్తుందన్నాడు. మూడోసారి పద్మజ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె వంగినప్పుడు చెవుల్లో కమ్మలు లేవు. బెజ్జాలు పూడకుండా చిన్న వేపపుల్లలు పెట్టుకుని ఉంది. ఆయన మజ్జిగ తాగకుండానే పక్కన పెట్టి లేచాడు.

*

పొద్దువాలే వేళకు శ్రీరంగప్ప మఠానికి పోయాడు. ఎర్రిస్వామయ్య అప్పటికే వచ్చి, చాప మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ధర్మవరంలో యాభై ఏళ్లు పట్టు మగ్గం నేసిన మనిషి. మగ్గం మానేసి చాలాకాలమైనా బొటనవేలూ చూపుడువేలూ ఇంకా లేని పోగును మెలిపెడుతూనే ఉంటాయి.

"సామీ, నేను ఉపదేశానికి రాలా. ఒక మాట అడగాలని వచ్చినా."

"అడుగప్పా. మాటకు ఉపదేశమెందుకు."

శ్రీరంగప్ప కలుపు తీసిన రోజు సంగతి మొదలుపెట్టి బండ దాకా అంతా చెప్పాడు. చెప్తుంటే ఆయనకే అది ఒక కట్టుకథలాగా వినపడింది. గురువు మధ్యలో అడ్డు రాలేదు. వేళ్లు మాత్రం మెలిపెడుతున్నాయి.

"మగ్గం మీద కొత్తగా కూచున్నోడు ఒగోసారి పోగు జూడకుండా నేస్తాడు," అన్నాడు చివరికి. "చెయ్యి దానంతటదే పోతాంటాది. వాని సంబరం జూడాల అప్పుడు! జానెడు నేసినాక విప్పి చూస్తే పువ్వొకటి తప్పుంటాది. నేసేటోనికి తప్పు కనపడదప్పా. పక్కన ఒకడుండాల, అది కాదు, ఇది అని చెప్పేటోడు."

"నా సాల్లో ఒక్క చెట్టూ తెగలా సామీ."

గురువు గట్టిగా నవ్వాడు. "తెగలా. ఒప్పుకుంటా. వచ్చేటప్పుడు మారుతి తోటలో నీ చెయ్యి అచ్చు జూసినా. చుట్టూ సున్నం గీత, పైన కుంకుమ. దానికేమంటావు?"

శ్రీరంగప్ప తల దించుకున్నాడు.

"నీకు గురువుంటే ఆ మారుతి నా దగ్గరికి వచ్చుండు. నేను వాన్ని తిట్టి పంపిస్తుంటి. నీకు ఎవరూ లేరు. అందుకే నిన్నే సామిని జేసినారు. ఒంటరిగా పోయేటోనికి ఇదొకటుండాది నాయనా, వెనక్కి తిరిగి చూస్తే జనం నిలబడుంటారు."

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. అయినా అడగాలనుకున్నది అడిగాడు.

"మీకు గూడా అట్ల అయితాదా సామీ? లేకుండా పోయేది?"

ఎర్రిస్వామయ్య వేళ్లు ఆగాయి. తన అరచేతులను రెండువైపులా తిప్పి చూసుకున్నాడు.

"అది చెప్పేది గాదప్పా," అన్నాడు. "తెల్లారి రా. తిప్పమ్మను తోడుకొని రా. పెండ్లాం ముందే శిష్యురాలైతే ఆమె సమ్మతి చెప్పాల. అది మా గురువు పెట్టిన కట్టడి."

చెప్పకూడదు కాబట్టి చెప్పలేదా, చెప్పడానికి లేదు కాబట్టి చెప్పలేదా? శ్రీరంగప్ప దారి పొడుగునా అదే తలలో నలుగుతుంటే ఇంటికొచ్చాడు. గురువు చెప్పిన పువ్వు మాట నిజం. తన సాలులో చెట్టు తెగకపోవడమూ నిజం. ఒకటి నిజమై ఇంకొకటి అబద్ధమైతే మనిషి ఏదో ఒక పక్క పడి నిద్రపోతాడు. రెండూ నిజాలైతే మంచానికి రెండు పక్కలా ముళ్లే.

"తెల్లారి వస్తానని చెప్పొచ్చినా," అన్నాడు తిప్పమ్మతో.

ఆమె సంతోషపడుతుందనుకున్నాడు. ఆమె ఉతికిన పంచె పెట్టెలోంచి తీసి, మడత విప్పి, మళ్లీ మడతపెట్టి, దండెం మీద వేసింది.

*

మఠానికి దారి మారుతి తోట పక్కనుంచే. తెల్లవారుజామునే లారీ రొద ఊరంతా వినపడింది. శ్రీరంగప్ప తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని ముందు నడుస్తున్నాడు. తమలపాకులూ టెంకాయా పెట్టిన పళ్లెంతో తిప్పమ్మ వెనక వస్తోంది. తోట దగ్గర ఊరు ఊరంతా ఉంది. లారీ మీది ఇనుప స్తంభం లేచి నిలబడింది. దాని మొన సరిగ్గా సున్నం గీత మీదికి గురిపెట్టి ఉంది. ఆయన్ను చూడగానే జనం రెండుగా చీలి దారిచ్చారు.

"నిలపండప్పా," అన్నాడు శ్రీరంగప్ప. "నాకు తెలీదు. కాలు తిమ్మిరెక్కి పడినా. అంతే. నాకేమీ తెలీదు."

జనం చేతులు జోడించారు. లారీ డ్రైవరు బీడీ పారేసి పళ్లికిలించాడు. "నేను ముప్పై మండలాలు తిరిగినా. పెద్ద సాములంతా ఇదే మాట అంటారు," అన్నాడు. మారుతి టెంకాయ కొట్టాడు. పద్మజ హారతి తిప్పి, చెవి తమ్మె మీద చేయి పెట్టుకుని, తీసేసింది. ఇంజను మోత పెరిగింది. ఇనుపగొట్టం కిందికి దిగడం మొదలుపెట్టింది.

అప్పుడు శ్రీరంగప్ప కళ్లు మూసుకున్నాడు. ఏమీ కనపడలేదు. చీకటి, దాంట్లో ఇంజను మోత. కళ్లు తెరిచి, ఎప్పుడూ తనది కాని గొంతుతో అరిచాడు.

"కనపడింది! ఆడ నీళ్లు లేవు! రాయి! వెయ్యి కాదు, రెండువేల అడుగులు పోయినా రాయే! ఆపండి!"

ఇంజను టక్కున ఆగింది. నిన్నటినుంచి నిజం చెప్తూ మూడుసార్లు తిరిగినా కదలని పని ఒక్క అబద్ధానికి ఆగిపోయింది. ఎంత సులభంగా ఆగిందంటే ఆయన కాళ్లు వాటంతటవే వెనక్కి జరిగాయి. మారుతి వచ్చి ఆ కాళ్లే పట్టుకున్నాడు.

"బతికిస్తివి మామా! నువ్వు గనక చెప్పకుంటే మునిగిపోతుంటి." తలెత్తి చూశాడు. "అయితే యాడుండాయి?"

శ్రీరంగప్ప దీన్ని ఊహించలేదు. లేనిచోటు కనపడినవాడికి ఉన్నచోటు కనపడకుండా ఎట్లా ఉంటుంది? ఊరంతా ఆయన చేతి వైపు చూస్తోంది. ఎక్కడ చూపిస్తే అక్కడికి లారీ కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"చెప్పు మామా. చెట్లు పదైదు దినాలు గూడా ఆగవు."

"నాకు... నాకు గురువుండాడప్పా," అన్నాడు. "ఆయన సెలవు లేకుండా చెప్పగూడదు."

జనం ఔనౌనని తలలూపారు. "పోయి సెలవు తీసుకొని రాపో మామా. అంతదాకా లారీని కదలనియ్యను," అన్నాడు మారుతి. శ్రీరంగప్ప ఇంచుమించు పరుగెత్తాడు. వెనక పళ్లెంలో టెంకాయ దొర్లే చప్పుడు వినపడుతోంది గానీ, తిరిగి తిప్పమ్మ మొహం చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మఠంలో కొత్తవాళ్లు నలుగురు వరసలో ఉన్నారు. గురువూ శిష్యుడూ కలిసి తెల్లదుప్పటి కప్పుకుంటారు, లోపల చెవిలో మాట చెప్తాడు, బయట భజన గట్టిగా పాడుతారు. శ్రీరంగప్ప వంతు వచ్చింది. ఆయన చాప మీద కూర్చుని, రెండు చేతులతో గురువు పాదాలు పట్టుకున్నాడు. గోడ పట్టుకున్నట్లు పట్టుకున్నాడు.

ఎర్రిస్వామయ్య పళ్లెంలోంచి ఒక తమలపాకు తీసి తిప్పమ్మ ముందుకు చాపాడు. ఆమె దాని రెండో అంచు పట్టుకుని, ఔనంటే అయిపోతుంది.

"అమ్మా తిప్పమ్మా, నీ పెనిమిటి ఈ దారిలోకి వస్తానంటాడు. నీకు సమ్మతమా?"

తిప్పమ్మ ఆకు పట్టుకోలేదు. భజన పాడేవాళ్లు ఒకరి తరువాత ఒకరు ఆగిపోయారు.

"లేదు సామీ," అంది.

శ్రీరంగప్ప తనకు వినపడే చెవి కూడా పోయిందనుకున్నాడు.

"పదేండ్లుగా నువ్వే గదమ్మా అడుగుతాండావు, తీసుకోండి సామీ, తీసుకోండి సామీ అని?"

"అడిగినా. నలభై రెండేండ్లలో ఈ మనిషి నోట అబద్ధం వినలా నేను. ఈ పొద్దు ఊరందరి ముందర రెండు ఆడినాడు. ఒకటి కనపడిందని. రెండోది గురువుండాడని. ఆ రెండోదాన్ని నిజం జేసుకోవాలని ఉరికొచ్చినాడు ఈడికి." ఆమె గురువు పాదాల మీదున్న మొగుడి చేతుల వైపు చూసింది. "మీ కాళ్లు దాంకునే తావు గాదు గదా సామీ."

ఎర్రిస్వామయ్య చాచిన ఆకు అట్లాగే గాలిలో ఉండిపోయింది. ఎంతోమంది శిష్యుల పెళ్లాలను, మొగుళ్లను అడిగి ఉంటాడు. కాదన్న మనిషి ఇంతవరకు దొరికినట్లు లేదు. ఆయన ఆకును జాగ్రత్తగా పళ్లెంలో పెట్టి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

"సరే తల్లీ," అన్నాడు. తరువాత శ్రీరంగప్ప చేతులను తన పాదాల మీదినుంచి ఒక్కొక్క వేలే విప్పి, మెల్లగా పక్కన పెట్టాడు.

*

శ్రీరంగప్ప నేరుగా లారీ దగ్గరికే పోయాడు. ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు.

"మారుతీ, పొద్దున నేను జెప్పింది అబద్ధమప్పా. నాకేమీ కనపళ్లా."

"అంటే? నీళ్లు లేవనేది అబద్ధమా? అయితే ఉండాయా?"

"అదీ తెలీదు."

"లేవని కనపళ్లా, ఉండాయని కనపళ్లా? సరిగ్గా చెప్పు మామా!"

"ఏదీ కనపళ్లా నాయనా. కండ్లు మూసుకుంటే నాకు కనపడేది చీకటే. నీకు మాదిరే. గురువు కూడా లేడు. పోయినా, ఇయ్యలా."

మారుతి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. ఉపదేశం దొరకని మనిషిని సామి అని నమ్మడం ఎట్లా? ఆ ఒక్కమాట మిగతా అన్నింటినీ నమ్మించింది. మారుతి మొహం ఎర్రబడింది.

"తెలీకపోతే ఆ ముక్క మొదలే చెప్పరాదా!"

"మొదలే చెప్తి గదప్పా."

"చెప్తివి! చెప్పేదొక రకముంటాది! యాడాది పొద్దూ కొంగ మాదిరి కండ్లు మూసుకొని కూచుంటే మేమేమనుకోవాల? పనిలేని ముసలోడా! నిన్ను నమ్మి ఈ లారీని..." అక్కడినుంచి మారుతి తిట్టిన తిట్లు అచ్చులో పెట్టేవి కావు. శ్రీరంగప్పకు మాత్రం రెండు రోజుల తరువాత మొదటిసారి ఊపిరి ఆడింది. సామిని ఎవరూ అట్లా తిట్టరు.

పద్మజ లారీ దగ్గరికి పోయి, "పోండన్నా మీరు," అంది. మొగుడి వైపు తిరిగి, "కొమ్మలు కొట్టేద్దాం. మోళ్లు పెడితే తక్కువ నీళ్లు తాగుతాయి. సగమన్నా బతుకుతాయి," అంది. ఎనిమిదేళ్ల చెట్టు కొమ్మ కొట్టాలంటే మారుతి చేయి రాలేదు. గొడ్డలి తీసుకుని మొదటి చెట్టు దగ్గర ఊరికే నిలబడ్డాడు. శ్రీరంగప్ప ఆ గొడ్డలి అడిగి తీసుకున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ కొమ్మలు కొట్టారు. కోసినచోట పద్మజ మట్టి, పేడ కలిపి పూసింది. మారుతి అలసినప్పుడల్లా నిలబడి ఆయన్ను ఇంకో రెండు తిట్లు తిట్టి, మళ్లీ పనిలో పడ్డాడు. నీళ్లు తాగేటప్పుడు చెంబు మాత్రం ముందు మామకే ఇచ్చాడు.

పొద్దు వాలాక తిప్పమ్మ క్యారియరు తీసుకుని వచ్చింది. మఠంలో భజన అయినదాకా ఉండి, మఠం చిత్రాన్నమే పెట్టుకొచ్చింది. ఇద్దరూ తమ చేను గట్టు మీద కూర్చున్నారు. ఆయన అరచేతుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి. ఆమె అన్నం ముద్దలు చేసి పెట్టింది. అట్లా పెట్టి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"మంచి పని జేస్తివిలే," అన్నాడాయన నాలుగో ముద్ద తరువాత. "కానీ పక్కపక్కన కూచోవాలని పదేండ్లు కొట్లాడితివే. నీ నోటితోనే వద్దంటివే."

"కూచునేదాని కోసం గాదయ్యా."

"మరి?"

తిప్పమ్మ ముద్ద చేయడం ఆపింది. కొట్టేసిన చీనీ మోళ్ల వైపు చూస్తూ మాట్లాడింది.

"నిరుడు వచ్చి, నేను లేకుండా పోతినంటివి. ఆ మాట విని నాకు కడుపు మండిపోయింది. పదేండ్లాయె నేను కూచోబట్టి. ఒక్క దినం తప్పలా. జొరమొచ్చినా కూచున్నా. మంత్రం నాలుక మీదుంటాది, నేను ఈడే ఉంటా. మేక అరిస్తే వినపడతాది. పాలు పొంగితే వినపడతాది. యాడికీ పోలా నేను. ఒక్కసారి గూడా." ముక్కు చీదుకుంది. "సామిని అడిగితే, దారిలో ఉండావు, నడువమ్మా అంటాడు. తోటోళ్లను అడిగితే అందరూ పోయొచ్చినట్లే మాట్లాడతారు. నిన్ను అడుగుదామంటే నువ్వు బయటోడివి. నువ్వు గూడా లోపలికొస్తే అడగొచ్చు గదా అనుకుంటి. ఎట్ల పోయినావో, యాడికి పోయినావో."

శ్రీరంగప్పకు, మఠం గుంతల గురించి ఆమె అన్నప్పుడల్లా తాను వేసిన ఎకసెక్కాలన్నీ ఒక్కొక్కటి గుర్తొచ్చాయి.

"మరి ఈ పొద్దు వద్దని ఎందుకంటివే? ఇంక ఒక్క ఆకు పట్టుకుంటే అయిపోయేది గదా."

"అబద్ధంగా లోపలికొచ్చినోడు చెప్పేది నేనెట్ల నమ్మాల?"

దూరంగా రోడ్డు మీద బోరు లారీ ఇంకో ఊరికి పోతూ హారన్ కొట్టింది.

"ఇప్పుడు చెప్పేసినావే," అన్నాడు శ్రీరంగప్ప. "నేను గురువు లేనోన్ని. కట్టడి తప్పితివి గదా."

"తప్పినా. సామికి నేను జెప్పుకుంటాలే." ఆమె మళ్లీ ముద్ద చేసింది. చేతిలోనే పెట్టుకుంది. "రేపు తెల్లారి నేను కొట్టం కాడ కూచున్నప్పుడు నువ్వు గూడా వచ్చి కూచో."

"కూచొని ఏం జేయాల?"

తిప్పమ్మ ఆలోచించింది. పదేళ్ల ఉపదేశమూ ఆమె మొహంలో ఒకసారి ఇటునుంచి అటు పోయింది. ముద్ద ఆయన నోట్లో పెట్టి, క్యారియరు మూత బిగించింది.

"నాకేం తెలుసయ్యా," అంది.